క్యారల్స్ మధ్యలో మూగబోయిన యాంప్: నా రెండు వారాల అనుభవం

డిసెంబర్ 6, శుక్రవారం, రాత్రి తొమ్మిదిన్నర. సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా చర్చి యూత్ క్యారల్స్ రౌండ్స్ (క్రిస్మస్ ముందు ఇంటింటికీ వెళ్లి పాటలు పాడటం) మొదటి రోజు. మొదటి రెండు ఇళ్లలో హాల్లోనే పాడాం కాబట్టి నా యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ డబ్బా) వాల్యూం మూడు మీద సరిపోయింది. మూడో ఇంటివాళ్లు బయట, స్టార్ కింద పాడమన్నారు. చుట్టుపక్కల క్వార్టర్స్ వాళ్లు కూడా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నేను వాల్యూం ఏడుకి తిప్పి జి కార్డ్ గట్టిగా కొట్టాను. గిటార్ మోగాల్సిన చోట "పుట్ పుట్ పుట్ పుట్" అని చలికి స్టార్ట్ కాని పాత మోపెడ్‌లా మోత. ఎర్ర లైటు కూడా ఆ మోతకు తగ్గట్టే వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఒక చిన్న పాప చెవులు మూసుకుంది. మా డోలక్ అన్న నా వైపు చూశాడు. నేను కిందికి వంగి నాబ్ తిప్పుతున్నట్టు నటించాను. తిప్పడానికి ఏమీ లేదని నాకు తెలుసు.

ఆ యాంప్ 2022 ఆగస్టులో కొన్నది. రెండు వాట్లు, టిఫిన్ బాక్సంత సైజు, వెనక ఆరు పెన్సిల్ సెల్స్ పడతాయి. లేదంటే 9 వోల్టుల అడాప్టర్. 4,200 రూపాయలు పెట్టాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో వాళ్ల తప్పెంత, నా తప్పెంత అనేది చదివాక మీకే తెలుస్తుంది. ఇంట్లో ఎప్పుడూ అడాప్టర్ మీదే వాయిస్తాను. సెల్స్ వేసేది ఏడాదికి ఒక్కసారి, ఈ రౌండ్స్‌కే.

సెల్స్ అయిపోయాయనే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. పక్క సందులో కిరాణా కొట్టు ఇంకా తెరిచే ఉంది. ఆరు పెన్సిల్ సెల్స్, 96 రూపాయలు. వేశాను. ఒక పాట సగం వరకూ బాగానే వచ్చింది, మళ్లీ పుట్ పుట్. కొత్త సెల్స్ కదా, ఇదేంటి? ఆ టెన్షన్‌లో ఉండగా యూత్ లీడర్ అన్న బ్యాగులోంచి పవర్ బ్యాంక్ తీశాడు. దాంతో పాటు ఒక కేబుల్. కరెంటు పోయినప్పుడు వైఫై రౌటర్‌కి పెట్టుకునే రకం. యూఎస్‌బీ 5 వోల్టుల్ని 9 వోల్టులు చేసి ఇస్తుంది.

"తమ్ముడూ, నీ యాంప్ కూడా 9 వోల్టులే కదా, పిన్ను కూడా సరిపోతోంది చూడు."

సరిపోయింది. చాలా చక్కగా, పుట్టుకతో దానికోసమే చేసినట్టు సరిపోయింది. స్విచ్ వేశాను. ఎర్ర లైటు వెలగలేదు. అన్న "ఆగు, పవర్ బ్యాంక్ బటన్ నొక్కుతా" అన్నాడు, నొక్కాడు, మళ్లీ నొక్కాడు. ఓ నిమిషం అయ్యుంటుంది. వెనకనుంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. పీకేశాను. మిగతా నాలుగు ఇళ్లూ డోలక్‌తో, చప్పట్లతోనే కానిచ్చాం. ఆఖరి ఇంట్లో సమోసా, కేకు ఇచ్చారు. నాకు గొంతు దిగలేదు.

ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటింది. యాంప్ వెనక అడాప్టర్ రంధ్రం పక్కన చిన్న బొమ్మ ఉంటుంది, రెండేళ్లకు పైగా చూస్తున్నాను కానీ చదవలేదు. మధ్యలో చుక్క, చుట్టూ సగం వలయం. చుక్క దగ్గర మైనస్, వలయం దగ్గర ప్లస్. అంటే పిన్ను లోపలి భాగం మైనస్, బయటి భాగం ప్లస్. గిటార్ పెడల్స్ చాలావాటికి ఇదే పద్ధతి. రౌటర్లకు సాధారణంగా దీనికి రివర్స్, లోపల ప్లస్. అన్న కేబుల్ ఫొటో వాట్సాప్‌లో పంపించమన్నాను. దాని మీద కూడా అదే బొమ్మ ఉంది, గుర్తులు మాత్రం తారుమారు. పిన్ను సైజు రెండింటికీ ఒకటే, బయట 5.5 మిల్లీమీటర్లు, లోపల 2.1. ఏది దేనిలోనైనా దూరుతుంది. అంత చిన్న బొమ్మ చూడనందుకు నన్ను నేను తిట్టుకుంటూ పడుకున్నాను.

7వ తేదీ శనివారం పొద్దున సెల్స్ తీసి చూస్తే, ఒక మూల స్ప్రింగ్ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. పోయినేడాది సెల్స్ జనవరి దాకా తీయకుండా వదిలేశాను, అందులో ఒకటి కారింది. అవి ఆల్కలైన్ సెల్స్. అవి కారితే వచ్చేది క్షారం కాబట్టి పులుపు దానికి విరుగుడు. వంటింట్లోంచి అర చెక్క నిమ్మకాయ తెచ్చి, చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లతో రాశాను. బుసబుసమని నురగ వచ్చింది. రెండు పుల్లలు నల్లబడ్డాక, తడిగుడ్డతో తుడిచి, హ్యాండ్ శానిటైజర్ స్పిరిట్‌తో ఇంకోసారి తుడిచి గంటసేపు ఎండలో పెట్టాను. స్ప్రింగ్ మెరిసింది. "దొరికింది దొంగ" అనుకున్నాను. సెల్స్ వేసి స్విచ్ వేస్తే లైటు లేదు. యాంప్‌తో వచ్చిన అసలు అడాప్టర్ పెడితే దానిలోంచి సన్నగా టిక్, టిక్, టిక్ అని చప్పుడు. యాంప్ మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఆ టిక్ టిక్ ఒక పెద్ద ఆధారమని నాకప్పుడు తెలియదు. అడాప్టర్ ఆన్ అవుతోంది, ఎదురుగా షార్ట్ ఉందని చూసి ఆగిపోతోంది, మళ్లీ ప్రయత్నిస్తోంది. నేను అడాప్టర్ కూడా పోయిందనుకుని ఇంకో వంద తిట్లు తిట్టుకున్నాను.

అదే రోజు కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. 14 నిమిషాలు పాట వినిపించి, 48 గంటల్లో మెయిల్ వస్తుందన్నారు. 10వ తేదీ సాయంత్రం వచ్చింది. వారంటీ ఏడాదే, అయిపోయింది. విడి భాగాలు అమ్మరు. కొత్తది కొంటే పది శాతం తగ్గిస్తారట. మెయిల్ చివర నవ్వు ముఖం బొమ్మ కూడా పెట్టారు.

ఈలోపు 8వ తేదీ ఆదివారం ఆరాధన అయ్యాక మా వైపు ఒక టీవీ రిపేర్ షాపులో ఇచ్చి వచ్చాను. జరిగింది దాచకుండా చెప్పాను, రివర్స్ కరెంటు ఇచ్చానని. "రేపు కనుక్కో అన్నా" అన్నాడు. సోమవారం రేపు, మంగళవారం రేపు, బుధవారం షాపే తీయలేదు. 12వ తేదీ గురువారం వెళ్తే "ఐసీ పోయింది భాయ్, బోర్డు మొత్తం చూడాలి, 1,500 అవుతుంది, దొరుకుతుందో లేదో గ్యారంటీ లేదు" అన్నాడు. ఐసీ అంటే యాంప్ లోపల అసలు పని చేసే చిప్పు. చెకింగ్ చార్జీ వంద తీసుకున్నాడు. ఇంటికి తెచ్చి చూస్తే వెనక ఒక స్క్రూ మీద ఉండే కాగితం స్టిక్కర్ ఎక్కడా చిరగకుండా అలాగే ఉంది. ఆ స్క్రూ విప్పకుండా ఆ డబ్బా తెరుచుకోదు. అంటే నాలుగు రోజులు అది బల్ల మీద విశ్రాంతి తీసుకుందన్నమాట. వంద పోయినందుకు కాదు, ఆ నాలుగు రోజులు పోయినందుకు కోపం వచ్చింది. రెండో వారం రౌండ్స్ మర్నాడే. ఆ వారం కూడా గిటార్ లేకుండానే వెళ్లారు, నేను స్టార్ కర్ర పట్టుకున్నాను.

13వ తేదీ శుక్రవారం రౌండ్స్ నుంచి వచ్చాక రాత్రి పదకొండింటికి నేనే విప్పాను. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ 260 రూపాయల డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనుక్కొచ్చాను. నేను చదివింది బీకామ్. అయినా మీటర్‌లో నాకు కావలసినవి రెండే అని మెల్లగా అర్థమైంది. ఒకటి డీసీ వోల్టులు చూసేది, రెండు, పుల్లలు పెట్టిన రెండు చోట్లూ లోపల కలిసి ఉంటే బీప్ కొట్టేది.

డబ్బా లోపల అరచేతిలో సగం ఉండే బోర్డు. అడాప్టర్ రంధ్రం, అదే డీసీ జాక్, అంచున అంటించి ఉంది. దాని వెనకే ఒక నల్ల డయోడ్, కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్క, బియ్యం గింజకి రెండింతలు. దాని కింద బోర్డు కొద్దిగా గోధుమ రంగుకి తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే శుక్రవారం నాటి వాసన ఇంకా ఉంది. సెల్స్ తీసేసి, స్విచ్ ఆన్‌లో ఉంచి, మీటర్ బీప్ మోడ్‌లో పెట్టి బోర్డు మీద ప్లస్, మైనస్ మధ్య పెట్టాను. బీఈఈప్. ఆగకుండా మోగుతోంది. రెండూ కలిసిపోయి ఉన్నాయి.

కలిపింది ఎవరు? డయోడ్ కావచ్చు, దాని పక్కన ఉన్న కెపాసిటర్ (కరెంటుని కాసేపు దాచుకునే ముక్క) కావచ్చు, రిపేర్ షాపతను చెప్పినట్టు ఐసీయే కావచ్చు. మీటర్ పుల్లలు ఎక్కడ పెట్టినా బీప్ వస్తుంది, అన్నీ ఒకే తీగకి కట్టిన మేకలు కదా. ఏది అరుస్తోందో తెలియాలంటే ఒకదాన్ని విప్పాలి. పై ఫ్లోర్‌లో డిప్లొమా చదివే కుర్రాడిని లేపి, అతుకులు కరిగించే సోల్డరింగ్ ఐరన్ అడిగాను, పాపం నిద్రకళ్లతోనే ఇచ్చాడు. డయోడ్ ఒక కాలు కరిగించి పైకి లేపాను. రెండో కాలు అలాగే ఉంచాను. మళ్లీ మీటర్ పెట్టాను, బోర్డు మీద. బీప్ లేదు. గాలిలో ఉన్న డయోడ్ రెండు చివర్లకి పెట్టాను. బీఈఈప్. పుల్లలు మార్చి పెట్టాను. బీఈఈప్. డయోడ్ ఒకవైపే వదలాలి, ఇది రెండు వైపులా తలుపులు తెరిచేసింది.

ఆ డయోడ్ పని అదే. మామూలుగా అడ్డంగా ఊరికే కూర్చుంటుంది. ఎవరో నాలాంటివాడు రివర్స్‌లో కరెంటు ఇస్తే, ఆ కరెంటంతా తన మీదికి లాక్కుంటుంది, వెనక ఉన్న ఐసీకి వెళ్లనివ్వదు. నిమిషం సేపు పవర్ బ్యాంక్‌తో కుస్తీ పట్టి అది కాలిపోయింది. అది లేకుండానే సెల్స్ వేసి, ప్లస్ మైనస్ నాలుగుసార్లు చూసుకుని స్విచ్ వేశాను. ఎర్ర లైటు వెలిగింది. రాత్రి ఒంటిగంట. గిటార్ పెట్టి మెల్లగా ఒక తీగ మీటితే మోగింది. మా అమ్మ గదిలోంచి "నిద్రపోరా" అంది. ఆ రాత్రి నాకు నిజంగానే నిద్ర పట్టింది.

14వ తేదీ శనివారం. మెట్టుగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్‌కి మారి, సుల్తాన్ బజార్‌లో దిగి కోఠి గుజరాతీ గల్లీకి నడిచాను. ఆ గల్లీ చూడనివాళ్లకి చెప్పడం కష్టం. మనిషి పక్కకి తిరిగితేనే నడవగలిగే సందులు, రెండు వైపులా వక్కల డబ్బాల్లో పోసినట్టు రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐసీలు. నేను అడిగిన డయోడ్ 4001. కౌంటర్ మీద పెద్దాయన 4007 తీశాడు. "వహీ కామ్ కరేగా, ఉస్సే అచ్ఛా" అన్నాడు, అదే పని చేస్తుంది, దానికన్నా మంచిదని. నిజమే, రెండూ ఒక ఆంపియర్‌వే, 4001 యాభై వోల్టులు ఆపితే ఇది వెయ్యి ఆపుతుంది. ఒక్కటి ఇవ్వమంటే నవ్వాడు. పది కట్ట, పది రూపాయలు. నేను ఆ పది రూపాయలకి 90 రూపాయల మెట్రో చార్జీలు పెట్టుకుని వచ్చానని ఆయనకి తెలియదు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ 210, సోల్డర్ తీగ 60, కరిగిన సోల్డర్‌ని పీల్చే సక్కర్ 120.

డబ్బులిస్తుంటే ఆ పెద్దాయన నా ఫోన్‌లో బోర్డు ఫొటో చూసి, "జాక్ భీ లే జావో, పంద్రా రూపయా" అన్నాడు, జాక్ కూడా తీసుకెళ్లు, పదిహేను రూపాయలేనని. జాక్ బాగానే ఉందన్నాను. భుజాలు ఎగరేశాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

సాయంత్రం డయోడ్ అతికించాను. దాని ఒంటి మీద ఉండే వెండి గీత ఏ వైపు ఉండాలో బోర్డు మీద గీసే ఉంటుంది, లేకపోతే తీసే ముందు ఫొటో తీసుకోవాలి. అసలు అడాప్టర్ పెట్టాను. టిక్ టిక్ లేదు. వాల్యూం ఎనిమిది. జి కార్డ్ ఖంగున మోగింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి మరీ చూసింది. సెల్స్ మీద కూడా చూద్దామని అడాప్టర్ పీకి, వాల్యూం ఎనిమిదిలోనే మళ్లీ కొట్టాను.

పుట్ పుట్ పుట్ పుట్.

నేను మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తూ ఉండిపోయాను. ఇన్ని రోజులు నేను బాగు చేసింది నేను పాడు చేసినదాన్ని. ఆ యాంప్‌కి అసలు వచ్చిన జబ్బు మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది.

సెల్స్ ఒక్కొక్కటీ బయటికి తీసి మీటర్ పెట్టాను. 1.52, 1.53, 1.52... అన్నీ బంగారంలా ఉన్నాయి. ఇక్కడే నేను ఒక పూట పోగొట్టుకున్నాను. సెల్ ఊరికే ఉన్నప్పుడు చూపించే వోల్టులకీ, దానిచేత పని చేయించేటప్పుడు ఇచ్చే వోల్టులకీ సంబంధం లేకపోవచ్చని ఆఫీసులో కరెంటు పనులు చూసే అన్న ఫోన్‌లో చెప్పాడు. "ఖాళీగా నిలబడ్డ లారీ టైరుని కాలితో తన్ని గాలి చూస్తే ఏం లాభం? లోడ్ ఎక్కించి చూడు" అన్నాడు. కిరాణా కొట్లో కొన్నవి కార్బన్ సెల్స్, గోడ గడియారానికీ రిమోట్‌కీ సరిపోతాయి, గట్టిగా లాగితే చతికిలపడతాయి. ఆ ఎర్ర లైటుని కూడా నమ్మొద్దన్నాడు. అది రెండు వోల్టులుంటే చాలు వెలుగుతుంది. సరే అని ఆరు ఆల్కలైన్ సెల్స్ కొన్నాను, 240 రూపాయలు. ప్యాకెట్లు నాలుగు సెల్స్‌వి, పది సెల్స్‌వి ఉన్నాయి. ఆరు కావాల్సినవాడి బాధ ఎవరికీ పట్టదు, రెండేసి ఉన్న ప్యాకెట్ల కోసం మూడు షాపులు తిరిగాను.

15వ తేదీ ఆదివారం మధ్యాహ్నం. ఇప్పుడు సమస్య చేతులు. ఒక చేత్తో ఎర్ర పుల్ల, ఒక చేత్తో నల్ల పుల్ల పట్టుకుంటే గిటార్ వాయించేది ఎవరు? మా అక్క కూతురు, ఐదో తరగతి, ఆదివారం మా ఇంట్లోనే ఉంటుంది. గిటార్ ఒళ్లో పెట్టి, "చెయ్యి ఆపకుండా పై నుంచి కిందికి కొడుతూనే ఉండు" అన్నాను. ఆపకూడదని ఎందుకంటే, ఈ చవక మీటర్ అంకె సెకనుకి రెండు మూడుసార్లే మారుతుంది. ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తే అది చూసేలోపు అయిపోతుంది.

"ఎంతసేపు మావయ్యా?"

"నేను ఆపమనేవరకు."

"ఐస్‌క్రీమా?"

"ఐస్‌క్రీమే."

మొదట సెల్స్ డబ్బా రెండు చివర్ల దగ్గర పెట్టాను. పాప ఊరికే ఉన్నప్పుడు 9.4. కొడుతుంటే 9.0. సెల్స్ నిలబడుతున్నాయి. స్పీకర్ మాత్రం పుట్ పుట్ అంటూనే ఉంది. పుల్లలు తీసి బోర్డు మీద డయోడ్ రెండు కాళ్ల దగ్గర పెట్టాను. ఊరికే ఉంటే 9.0. "కొట్టు" అన్నాను. 6.4, 5.9, 6.1.

నాకు ఒళ్లు జలదరించింది. సెల్స్ దగ్గర తొమ్మిది, జానెడు దూరంలో బోర్డు మీద ఆరు. మధ్యలో మూడు వోల్టులు ఎవరో తింటున్నారు. మధ్యలో ఉన్నవి ఎన్ని? స్ప్రింగులు, రెండు తీగలు, ఆన్ ఆఫ్ స్విచ్, డీసీ జాక్. ఇంక వోల్టులు ప్లస్‌కి మైనస్‌కి మధ్య కాదు, ఒక్కో వస్తువుకి ఈ చివర ఒక పుల్ల, ఆ చివర ఒక పుల్ల పెట్టి చూడాలి. బాగున్న చోట సున్నా దగ్గర చూపించాలి. నేను నిమ్మకాయ పెట్టి కడిగిన స్ప్రింగ్: 0.05. స్విచ్: 0.08. పాప చెయ్యి మార్చుకుంది. జాక్‌కి మూడు కాళ్లుంటాయి, అందులో సెల్స్ ప్లస్ వచ్చే కాలికీ, బోర్డుకి వెళ్లే కాలికీ మధ్య పెట్టాను.

2.8. 2.9.

జాక్‌కీ సెల్స్‌కీ ఏంటి సంబంధం అని నాకూ అనిపించింది. అడాప్టర్ పెట్టని జాక్ ఊరికే ఉన్న రంధ్రం కదా! కాదట. అడాప్టర్ పిన్ను లోపలికి వెళ్లినప్పుడు ఒక చిన్న లోహపు రేకుని పక్కకి తోస్తుంది. ఆ రేకు తప్పుకుంటే సెల్స్ దారి తెగుతుంది, అడాప్టర్ కరెంటు సెల్స్‌లోకి పోకుండా. పిన్ను బయటికి తీస్తే ఆ రేకు వెనక్కి వచ్చి తాకాలి, సెల్స్ దారి మళ్లీ కలవాలి. నా అడాప్టర్ రెండేళ్లకు పైగా దానిలోనే పెట్టి ఉండేది. రేకు వంగిపోయి, నల్లబడి, పైపైన తాకుతోంది. మెల్లగా వాయిస్తే ఆ కొంచెం కరెంటుకి ఇబ్బంది లేదు. గట్టిగా కొడితే యాంప్ ఎక్కువ లాగుతుంది, ఆ సన్నటి దారిలో వోల్టులు పడిపోతాయి, యాంప్ ఆగుతుంది, లాగడం మానగానే వోల్టులు లేస్తాయి, మళ్లీ మొదలు. అదే పుట్ పుట్. మొదటి రెండు ఇళ్లలో ఎందుకు బాగుందో, మూడో ఇంటి ముందు ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది. అడాప్టర్ మీద ఒక్కసారి వాయించి చూసుంటే మొదటి రోజే సగం విషయం బయటపడేది. కానీ నేను అడాప్టర్ పెట్టేసరికే డయోడ్‌ని చంపేశాను కదా.

వెంటనే అడాప్టర్ పిన్ను ఇరవైసార్లు పెట్టి తీశాను, ఆ రాపిడికి మసి పోతుందని. 2.9 కాస్తా 0.9కి వచ్చింది. పుట్ పుట్ ఆగింది. గంట తర్వాత మళ్లీ 2.1. తాత్కాలికంగా ఒక పాట గట్టెక్కడానికి పనికొస్తుంది తప్ప రాత్రంతా నమ్ముకోలేం. పాపకి రెండు ఐస్‌క్రీములు, 80 రూపాయలు.

ఇప్పుడు ఆ పదిహేను రూపాయల జాక్. 16వ తేదీ సోమవారం ఆఫీసులో లెక్కలంటూ ఎనిమిది దాటించారు. 17న పర్మిషన్ పెట్టి నాలుగింటికే బయలుదేరాను, మళ్లీ 90 రూపాయల మెట్రో. పెద్దాయన నన్ను గుర్తు పట్టాడు. ఏమీ అనలేదు. జాక్‌లు పోసిన డబ్బా నా ముందుకి తోశాడు, అంతే. ఫొటో ఒక్కటే సరిపోదు, పాతది చేతిలో ఉంటే మేలు, ఎందుకంటే మూడు కాళ్లు ఒకేలా ఉన్నా ఎత్తు తేడా ఉంటుంది, ఎత్తు తేడా వస్తే డబ్బా రంధ్రంలోకి రాదు. నేను ఎత్తు స్కేలుతో కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఈసారి రెండు కొన్నాను.

18వ తేదీ రాత్రి మార్చాను. డయోడ్ తీయడం సులువు, జాక్ కాళ్లు వెడల్పు, మూడూ ఒకేసారి వదలాలి. సక్కర్‌తో పీలుస్తూ, ఐరన్‌తో వేడి చేస్తూ అరగంట పట్టింది. తొందరపడి ఒక కాలిని ఊపాను, దాని కింద రాగి పొర బోర్డు నుంచి లేచి వచ్చేసింది. చెమటలు పట్టాయి. పై ఫ్లోర్ కుర్రాడు వచ్చి, పాత ఛార్జర్ తీగలోంచి సన్న వైరు ఒకటి లాగి, జాక్ కాలి నుంచి పక్క గీతకి అతికించాడు. చూడటానికి బాగోదు, పనిచేస్తుంది. మీటర్ పెట్టి పాప లేకుండానే, గిటార్ తీగలు మోచేత్తో రాస్తూ చూశాను. జాక్ మీద 0.03. బోర్డు మీద 8.9, కొట్టినా 8.8.

అడాప్టర్ పిన్నుకీ, దాని వైరుకీ తెల్ల టేపు చుట్టి "గిటార్" అని మార్కర్‌తో రాశాను. వాయించడం అయ్యాక పిన్ను పీకేస్తున్నాను, రేకు మీద ఒత్తిడి లేకుండా. సెల్స్ కూడా తీసి పెడుతున్నాను.

మొత్తం ఎంతయిందో సరదాకి లెక్క వేశాను. పనికొచ్చిన వస్తువులు, అంటే డయోడ్, జాక్, కలిపి 25 రూపాయలు. మిగతాదంతా మీటర్, ఐరన్, సోల్డర్ తీగ, సక్కర్, రెండు రకాల సెల్స్, మెట్రో, చెకింగ్ చార్జీ, ఐస్‌క్రీములు. అన్నీ కలిపి 1,386 దాకా తేలింది, స్పేర్ జాక్‌తో సహా. అందులో 650 ఇంకా నా దగ్గరే ఉన్న మీటర్, ఐరన్, సోల్డర్ తీగ, సక్కర్ ఖరీదు, అగ్గిపెట్టెలో తొమ్మిది డయోడ్లు కూడా మిగిలాయి. అకౌంట్స్ వాడినైనా ఇది లాభమో నష్టమో తేల్చలేకపోయాను.

20వ తేదీ శుక్రవారం ఆఖరి రౌండ్స్. తొమ్మిది ఇళ్లు. అవే ఆల్కలైన్ సెల్స్. మొదటి ఇంటి ముందు వాల్యూం ఏడుకి తిప్పేటప్పుడు నా చెయ్యి కొంచెం వణికింది, ఒప్పుకుంటాను. జి కార్డ్ కొట్టాను. వీధి చివరిదాకా మోగింది. ఎక్కడో కుక్క ఒకటి మొరిగింది. ఆరో ఇంట్లో టీ తాగుతుంటే యూత్ లీడర్ అన్న నా పక్కన కూర్చుని బ్యాగు జిప్పు తీశాడు.

"తమ్ముడూ, సెల్స్ తగ్గితే చెప్పు, పవర్ బ్యాంక్ తెచ్చాను. ఈసారి ఫుల్ ఛార్జింగ్."

నేను యాంప్‌ని ఒళ్లోకి తీసుకుని జాక్ మీద చెయ్యి అడ్డం పెట్టాను.